మారుతీ 800: ఏ రకమో గుర్తించి సరైన పేరు పెట్టడం

1983 డిసెంబరు నుంచి 2014 జనవరి వరకు మారుతీ 800 అనే ఒకే పేరుతో వచ్చిన కార్లన్నీ ఒకే కారు కాదు. పాత బండి కొనేవారైనా, విడిభాగాలు వెతికేవారైనా వెనుక అంటించిన అక్షరాలను చూసి రకాన్ని నిర్ణయించకూడదు, ఎందుకంటే ఆ అక్షరాలు ఏ షాపులోనైనా దొరుకుతాయి.

ముందుగా బాడీని చూడాలి. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా తొలి కొనుగోలుదారు హర్పాల్ సింగ్ తాళాలు అందుకున్న కారు, కంపెనీ బాడీ కోడ్ ప్రకారం, ఎస్‌ఎస్80 రకానికి చెందినది. సుజుకీ కంపెనీ ఫ్రాంటే కారు ఆధారంగా రూపొందిన ఈ రకం 1986 వరకే వచ్చింది. దీనిలో వెనుక అద్దం మాత్రమే పైకి లేస్తుంది గనుక సామాను ఆ అంచు మీదుగా ఎత్తి లోపల పెట్టాలి. తరువాత వచ్చిన ఎస్‌బీ308లో అద్దంతో సహా వెనుక తలుపు మొత్తం తెరుచుకుంటుంది. గ్రిల్లు మార్చినంత సులువుగా దీనిని మార్చలేరు కాబట్టి నా దృష్టిలో ఇంతకంటే నమ్మదగిన గుర్తు లేదు.

ఎస్‌బీ308 దాదాపు మూడు దశాబ్దాలు సాగింది. 1997కు ముందువాటికి ముందుభాగం కోణాలుగా, తరువాతివాటికి గుండ్రంగా ఉంటుంది. అయితే ప్రమాదం తరువాత డెంటింగ్ షెడ్డులో బానెట్టు, బంపరు, హెడ్‌లైట్లు కలిపి కొత్త రూపానికి మార్చిన బండ్లు తక్కువేమీ కావు గనుక, ముందుభాగాన్ని చూసి సంవత్సరం చెప్పడం తొందరపాటే అవుతుంది.

ఇంజను సామర్థ్యం అన్నింటిలోనూ 796 సీసీయే కాబట్టి ఆ అంకె ఏమీ చెప్పదు. డ్యాష్‌బోర్డు కింద చోక్ నాబ్ ఉంటే అది కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే పాత పరికరం) బండి. 2000 ప్రాంతంలో వచ్చిన, ఇంధనాన్ని ఇంజక్టర్లతో చిమ్మే ఎంపీఎఫ్‌ఐ బండ్లకు ఆ నాబ్ అవసరం లేదు. ఎంపీఎఫ్‌ఐలోనూ రెండు రకాలున్నాయి: 37 బీహెచ్‌పీ ఇంజనుతో నాలుగు గేర్లది ఒకటి, సిలిండరుకు నాలుగు వాల్వులతో 45 బీహెచ్‌పీ ఇచ్చే అయిదు గేర్లది మరొకటి. గేర్ నాబ్ మీది బొమ్మను కాకుండా, బండి నడిపి అయిదో గేరు పడుతుందో లేదో చూసి తేల్చుకోవాలి.

ఏసీ, ఎల్‌పీజీ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. బయట కిట్ బిగించినంత మాత్రాన ఆ బండి 2008లో కంపెనీ తెచ్చిన, పెట్రోలుతోనూ ఎల్‌పీజీతోనూ నడిచే డ్యుయో అయిపోదు.

నంబరు ప్లేటు రిజిస్ట్రేషన్‌ను చెబుతుంది తప్ప తయారీని కాదు. 1989కి ముందు తయారైన బండి వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఉంటే దానికి ఆ తరువాతి పద్ధతిలోని హైదరాబాద్ సిరీస్ ఏపీ 09 నంబరు ఉండవచ్చు. బీఎస్ 4 కాలుష్య నిబంధనల వల్ల 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఈ కారు అమ్మకాలు ఆగిపోయాయి కాబట్టి, 2012లో తయారైన బండి మొదటి రిజిస్ట్రేషన్ హైదరాబాద్‌దేనని ఎవరైనా అంటే ఆర్‌సీలోని తయారీ నెల, సంవత్సరం, ఛాసిస్ నంబరు మూడింటినీ బండితో సరిపోల్చాలి.

ఇవన్నీ తేలాక పేరును బాడీ కోడ్, తయారీ సంవత్సరం, ఇంధన విధానం, గేర్లు, ట్రిమ్ (సౌకర్యాల స్థాయి) అనే వరుసలో రాయడం మంచిది: «ఎస్‌బీ308, 1994, కార్బ్యురేటర్, నాలుగు గేర్లు, స్టాండర్డ్, ఏసీ తరువాత బిగించినది». మార్చిన భాగాలను ఇలా చివరన విడిగా రాస్తే విడిభాగాల దుకాణంలో ఏది అడగాలో తడుముకోనక్కరలేదు.