ఇంటికి రంగులేయించే ముందు

పెయింటరును పిలిచే ముందే గోడకు చెయ్యానించి చూడండి. బాత్రూం వెనక గోడ చెమ్మగా తగిలినా, తెల్లగా ఉప్పు తేలినా ముందు ఆ లీకు సంగతి చూసుకోవాలి. కడపలో మా ఇంట్లో ఇది పట్టించుకోలేదు. ఆరు నెలలకే దేవుడి గది గోడ పొక్కులెత్తి పెచ్చులూడింది.

- ఒట్టి కూలికా, సామానుతో కలిపా? చదరపు అడుగుకు ఇంత అంటే తలుపులు, కిటికీల కొలత తీసేసి లెక్కిస్తారా? లప్పం (పుట్టీ), ప్రైమరు, రంగు ఎన్నెన్ని కోటింగులో కాగితం మీద రాయించుకోండి. నోటిమాటైతే రెండో కోటింగు దగ్గర పేచీ ఖాయం.
- డబ్బాల మూతలు మీ ఎదుటే తీయించండి. కొన్ని డబ్బాల్లో పెయింటరుకు కంపెనీ డబ్బులిచ్చే టోకెన్ ఉంటుంది. ఫలానా కంపెనీయే కావాలని పట్టుబడితే ఎందుకో అడగండి, తప్పేం లేదు.
- కింద కడప బండలుంటే పాత దుప్పట్లు పరిపించండి. నల్లబండ మీద తెల్లచుక్క ఎండిందా, గీకి గీకి మీ గోళ్లే అరుగుతాయి.
- మన ఎండలకు సిమెంటు లప్పం వేసేముందు గోడ తడపమనండి.
- అడ్వాన్సు కొద్దిగానే. చివరి డబ్బు మాత్రం రాత్రిపూట గోడవారగా టార్చి వేసి చూశాకే. లప్పం గీతలన్నీ అప్పుడే బయటపడతాయి.