రిటైర్మెంట్ ఇల్లు కొనేముందు వానలో ఓసారి చూసి రండి

రిటైర్మెంట్ తర్వాత ఉండటానికి హైదరాబాద్‌లో ఇల్లు చూస్తున్నారా? ఆ కాలనీకి ఏప్రిల్‌లో ఒకసారి, గట్టి వాన పడిన మర్నాడు ఇంకోసారి వెళ్లండి. ఎండాకాలంలో ట్యాంకర్లు ఎన్ని తిరుగుతున్నాయో తెలుస్తుంది. వాన తర్వాతైతే నీళ్లు ఎంతవరకు వచ్చాయో కాంపౌండ్ గోడ మీద బురద చారే చెప్తుంది. 2020 అక్టోబరు వానలకు చెరువుల కింది కాలనీలు కొన్ని రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. బ్రోకర్ని అడిగితే "ఇక్కడికి ఎప్పుడూ రాలేదండీ" అంటాడు. మూల మీద కిరాణా కొట్టాయన్ని అడగండి, ఆ ఏడాది బియ్యం బస్తాలు ఎక్కడికి ఎత్తాడో చెప్తాడు. దగ్గర్లో చెరువుంటే దాని ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే మేర) హద్దులు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) మ్యాపుల్లో చూసుకోండి.

ఇంకోటి, మోకాళ్ల సంగతి. మెట్రో "పది నిమిషాలే" అంటారు, నిజంగా నడిచి చూడండి. మియాపూర్ వైపు మేమలా నడిస్తే ఫుట్‌పాత్ నిండా టిఫిన్ బండ్లు, బైకులు. సగం దూరం రోడ్డు మీదే నడిచాం. మా ఆవిడ అక్కడే ఆ ఫ్లాటు వద్దనేసింది.

వీలైతే కొనేముందు అదే కాలనీలో ఓ ఆరు నెలలు అద్దెకుండండి. లిఫ్టు ఎన్నిసార్లు ఆగుతుందో కూడా తెలుస్తుంది.