పుస్తకం చూసి బొమ్మలు గీయడం నేర్చుకోవడం ఎలా?

ముందు పుస్తకం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో వెతికితే డ్రాయింగ్ పుస్తకం దొరక్కపోదు. ఒక్కటే కొనండి. నాలుగు కొన్నవాళ్ళు నాలుగింట్లోనూ మొదటి పాఠం గీసి ఆపేస్తారు. కొనేముందు మధ్యలో ఒక పేజీ తెరిచి చూడండి. మొదట రెండు సున్నాలు, తర్వాత నాలుగు గీతలు, ఆ వెంటనే కనురెప్పలతో సహా గుర్రం ఉంటే, అది నేర్పడానికి రాసింది కాదు, రాసినాయన పనితనం చూపించుకోవడానికి వేసింది. పక్కన పెట్టేయండి.

సామాన్లు: ఒక హెచ్‌బీ పెన్సిల్, అంతకన్నా మెత్తగా, నల్లగా పడే 4బీ ఒకటి, ఏ4 కాగితాలు, అట్ట, క్లిప్పు. పెన్సిల్ బ్లేడుతోనే చెక్కాలి. రబ్బరు పక్క గదిలో ఉండాలి.

పాఠం చదివాక పుస్తకం మూసేసి, అందులో చెప్పింది ఎదురుగా ఉన్న వస్తువు మీద చేసి చూడాలి. పుస్తకంలో బొమ్మను కాపీ కొడుతూ కూర్చుంటే చెయ్యి తిరుగుతుందేమో గానీ కన్ను తిరగదు. మన ఊళ్ళో పెన్సిల్ పట్టిన ప్రతివాళ్ళూ ముందు చార్మినార్ మీద పడతారు. ఆర్నెల్లు దాని జోలికి వెళ్ళకండి. ఇరానీ చాయ్ కప్పు, కింద సాసరు, చాలు.

అందరూ చెడగొట్టేది కొలత దగ్గరే. పుస్తకంలో దీనికి అర పేజీ ఇచ్చి ఊరుకుంటారు, మనవాళ్ళు అదీ దాటేస్తారు. కప్పును నాలుగైదు అడుగుల దూరంలో పెట్టి కుర్చీలో కూర్చోండి. పెన్సిల్ పట్టుకున్న చెయ్యి పూర్తిగా చాచండి. మోచెయ్యి వంగకూడదు. వంగిందంటే కంటికీ పెన్సిల్‌కీ మధ్య దూరం మారి, కొలత కూడా మారిపోతుంది. ఒక కన్ను మూయండి, ప్రతిసారీ అదే కన్ను. పెన్సిల్‌ను ముందుకు, కప్పు వైపు వాల్చకండి. నిలువుగా పట్టినా, పక్కకి తిప్పినా బస్సు కిటికీ అద్దానికి ఆనించినట్టే ఉండాలి. పెన్సిల్ మొన కప్పు పై అంచుకి, బొటనవేలి గోరు కింది అంచుకి పెట్టి ఎత్తు తీసుకోండి. వేలు కదల్చకుండా పెన్సిల్‌ను పక్కకి తిప్పి, ఆ ఎత్తు సాసరు వెడల్పులో ఎన్నిసార్లు పడుతుందో చూడండి.

మీకు కావాల్సింది ఆ 'ఎన్నిసార్లు' అనేదే. పెన్సిల్ మీది కొలతను అలాగే తెచ్చి కాగితం మీద పెట్టేవాళ్ళున్నారు, వాళ్ళ కప్పు బొటనవేలంత వస్తుంది. కాగితం మీద కప్పు ఎత్తు మీ ఇష్టం వచ్చినంత వేసుకోండి, మిగతావన్నీ దాని లెక్కలోనే రావాలి. మధ్యలో చాయ్ తాగడానికి లేచి మళ్ళీ కూర్చుంటే తల ఎత్తు మారుతుంది, ఎత్తు, వెడల్పు మళ్ళీ కొలవాల్సిందే.

ఫోటో మీద గళ్ళు గీసి హీరోల బొమ్మలు దించేవాళ్ళు 'ఇంత కష్టం ఎందుకండీ' అంటారు. గళ్ళు తీసేసి ఎదురుగా ఒక చెంబు పెట్టండి, తెలుస్తుంది.

కొలత వచ్చాక కప్పు అంచు. అది గుండ్రమని మనకి తెలుసు, కంటికి మాత్రం కోలగా, నొక్కుకుపోయినట్టు కనబడుతుంది. కనబడిందే గీయాలి. ఆ కోల రెండు చివరలూ బాదం గింజలా సూదిగా రాకూడదు. కింది అంచును బల్ల బల్లపరుపుగా ఉంది కదా అని తిన్నగా గీసేస్తారు, అదీ తప్పే. కంటి ఎత్తుకి ఎంత కిందకి వెళ్తే కోల అంత గుండ్రమవుతుంది కాబట్టి, అడుగు వంపు పై అంచు కన్నా ఎక్కువే ఉండాలి.

తెలిసింది కన్నుకి అడ్డుపడుతోందా? 1979లో వచ్చిన డ్రాయింగ్ టీచరు బెట్టీ ఎడ్వర్డ్స్ పుస్తకంలో, సంగీతకారుడు స్ట్రవిన్‌స్కీని పికాసో గీసిన బొమ్మను తలకిందులుగా పెట్టి గీయిస్తారు. ఏది ముక్కో ఏది చెయ్యో బుర్ర పేరు పెట్టలేదు కాబట్టి కన్ను గీతను గీతలాగే చూస్తుంది. కాపీ కొట్టడానికి నేను ఒప్పుకునేది ఇదొక్కటే.

నీడలు చివర్న, 4బీతో, వెలుతురు ఒకే కిటికీ నుంచి వచ్చేలా చూసుకుని వేయండి. వేలితో రుద్దొద్దు. కప్పూ సాసరూ లెక్క తప్పకుండా వచ్చేదాకా, పుస్తకంలో ముఖాల అధ్యాయానికి పిన్ను కొట్టేయండి.