అనుకోని రెండో భాగం రాసే ముందు జాగ్రత్తలు

కాకతీయుల కాలంలో నడిచే మీ ఓరుగల్లు ప్రేమకథను పెళ్లితో ముగించేశారు. ఇప్పుడు చదివినవాళ్లు ‘తర్వాతేమైంది?’ అని అడుగుతున్నారు. కలం పట్టే ముందు:

– మొదటి భాగాన్ని పెన్సిల్‌తో మళ్లీ చదవండి. వయసులు, గుర్రం రంగు, ఎవరు ఎవరిని ‘నువ్వు’ అన్నారు, అన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించండి.

– కథ ఏ ఏట ఆగింది? 1318లో అయితే ఐదేళ్లే మిగిలాయి. 1323లో కోట తుగ్లక్ సేనల చేతికి పోయింది, బందీ అయిన ప్రతాపరుద్రుడు ఢిల్లీ చేరకుండానే కన్నుమూశాడు. ఆ నీడ జంట మీద పడాల్సిందే.

– వంటింట్లో మిరపకాయ వద్దు. పోర్చుగీసువాళ్లు వచ్చేదాకా కారమంటే మిరియాలు, పిప్పళ్లే.

– ముఖ్యంగా, పాత అపార్థాలతోనే వాళ్లను మళ్లీ విడదీయకండి. అంత కష్టపడి గెలుచుకున్న నమ్మకాన్ని లాగేసుకుంటే చదివేవాళ్ల ప్రాణం ఉసూరుమంటుంది. కష్టం బయటి నుంచి రానివ్వండి.