ఏఆర్-3ఏ క్రాసోవర్ విప్పేముందు జాగ్రత్తలు

1967లో అమెరికాలో అకూస్టిక్ రీసెర్చ్ (ఏఆర్) కంపెనీ తెచ్చిన ఏఆర్-3ఏ, గాలి చొరబడని డబ్బాలో ఉండే స్పీకర్. దాని క్రాసోవర్ (ధ్వనిని స్థాయిల వారీగా విడగొట్టి లోపలి ఒక్కో స్పీకర్‌కు పంపే సర్క్యూట్)లో పాత కెపాసిటర్లు మార్చాలనుకుంటే, విప్పేముందు ఇవి చూసుకోండి.

• ట్వీటర్ (సన్నని ధ్వనులు పలికే చిన్న స్పీకర్) పలకట్లేదా? ముందు వెనకున్న రెండు నాబ్‌లనూ అటూ ఇటూ తిప్పి చూడండి. చాలాసార్లు లోపం కెపాసిటర్‌లో కాదు, తుప్పుపట్టిన ఆ కంట్రోళ్లలోనే ఉంటుంది.

• యాంప్లిఫయర్ వైర్లు పీకేసి, డబ్బాను వెల్లకిలా పడుకోబెట్టండి. వూఫర్ (బాస్ పలికే పెద్ద స్పీకర్) అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ను లాగేస్తే కోన్‌కు చిల్లు ఖాయం. రెండో చెయ్యి అడ్డం పెట్టుకోండి.

• లోపలి ఫైబర్‌గ్లాస్ దురద పుట్టిస్తుంది: మాస్కు, గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా. తీసినదంతా మళ్లీ లోపలికే వెళ్లాలి, బాస్ దానిమీదే ఆధారపడుతుంది.

• ప్రతి వైరుకూ చీటీ కట్టి, ఫోటో తీశాకే సోల్డరింగ్ ఐరన్ వేడిచెయ్యండి.

• కెపాసిటర్లు 150, 50, 6 మైక్రోఫారడ్లు. కొత్తవీ అంతే ఉండాలి, నాన్‌పోలార్‌వే కావాలి. ప్లస్, మైనస్ గుర్తులున్న మామూలు ఎలక్ట్రోలిటిక్‌లు పనికిరావు. ఖరీదైన ఫిల్మ్ రకం వేస్తే అంతర్గత నిరోధం తగ్గి పైస్థాయి ధ్వని చెవికి కాస్త గుచ్చుకోవచ్చు; అప్పుడు చిన్న రెసిస్టర్‌ను సిరీస్‌లో కలపాలి. అందరూ మెచ్చుకునే ‘అప్‌గ్రేడ్’ నిజానికి ఇక్కడే చెడుతుంది.

• కాయిళ్ల జోలికి పోకండి. లావు తీగ కాయిల్ వేస్తే నిరోధం మారి లెక్క తప్పుతుంది.

• వూఫర్ అంచున గాలి చొరబడకుండా పెట్టిన పుట్టీ ఎండిపోయి ఉంటే కొత్తది సిద్ధంగా ఉంచుకోండి.

• మొదట ఒక్క స్పీకరే మార్చి, ముట్టుకోని రెండోదానితో పక్కపక్కన విని చూడండి. పాత భాగాలు పారేయొద్దు.