పద్యంలో అచ్చును ఎలా జారవిడవాలి?

కొత్తగా పద్యం రాసేవాళ్ళు గణం, అంటే పొట్టి, పొడుగు అక్షరాల వరస, కుదరకపోతే ఏదో ఒక అచ్చు పీకేసి ముందుకు వెళ్ళిపోతారు, తీరా పైకి చదివితే అక్కడే నాలుక తడబడుతుంది. నేనూ చాలాకాలం అలాగే రాశాను. ఏ అచ్చు పోతుందో, ఏది పోదో మన నోటికి ముందే తెలుసు, దాన్ని వినడం అలవాటు చేసుకోవాలి.

కాబట్టి ముందు కాగితం పక్కన పెట్టి ఇంట్లోవాళ్ళ మాటలు వినండి. "వాడు వచ్చాడా" అని విడివిడిగా ఎవరూ అనరు, "వాడొచ్చాడా" అంటారు, ఉకారంతో పాటు వకారం కూడా పోయింది. "వస్తున్నాను" కాస్తా "వస్తున్నా" అవుతుంది, తెలంగాణలో "వస్తున్న". ఇక "మాట్లాడు" చూడండి. మాటలు, ఆడు కలిసి మాటలాడు అయింది, అంటే చివరి ఉ పోయింది, ఆ తర్వాత మధ్యలో ట మీది అ కూడా పోయి మాట్లాడు అయింది. పద్యంలో మీకు ఎక్కువగా పనికొచ్చేవి ఈ రెండే: మాట చివరి అచ్చు, మాట మధ్యలో అచ్చు.

చివరి అచ్చుతో మొదలుపెట్టండి. ఉ తర్వాత అచ్చు వస్తే సంధి చేయాల్సిందే, చిన్నయసూరి రాసిన తెలుగు వ్యాకరణం, బాలవ్యాకరణం, చెప్పేదీ అదే. "తేనెలు ఊరు" అని విడిగా వదిలేస్తే విసంధి దోషం, "తేనెలూరు" అనాలి. ఇకారం దగ్గర కొంత వెసులుబాటు ఉంది, ఏమంటివి అన్నా ఏమియంటివి అన్నా సరే. కానీ వచ్చి, చూచి లాంటి మాటల చివరి ఇ జోలికి మాత్రం వెళ్ళకండి, "చూచి యేగె" అనాలే తప్ప "చూచేగె" కుదరదు.

తర్వాత మధ్య అచ్చు. పలుకు పల్కు అవుతుంది, చిలుక చిల్క, జరుగు జర్గు, చినుకు చిన్కు, అడుగు అడ్గు. ఆ అచ్చుకు ముందు ల, ర, న, డ లాంటి తేలిక హల్లు ఉండటం గమనించండి. అదే జంట హల్లు ఉంటే, ఉదాహరణకు "ముద్దుల"లో, ఆ ఉ పోదు. పలికి చూడండి, నోరే ఆగిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. పలుకులో మూడు లఘువులు, అంటే ఒక్కో మాత్ర కాలం పట్టే పొట్టి అక్షరాలు, మొత్తం మూడు మాత్రలు. పల్కులో ప వెనక జంట హల్లు రావడంతో ప గురువైంది, అంటే రెండు మాత్రల అక్షరం, కు లఘువు, లెక్క మళ్ళీ మూడు మాత్రలే. అచ్చు పోయినా కాలం పోలేదు, రూపం మాత్రమే మారింది. అందుకే ఆటవెలదిలో సూర్యగణం (మూడు లఘువులు, లేదా ఒక గురువు, ఒక లఘువు) కావలసిన చోట పలుకు అన్నా పల్కు అన్నా నడుస్తుంది. వృత్తాల్లో, అంటే గురువు, లఘువుల వరస మారకూడని పద్యాల్లో, అలా కాదు. "పల్కుల తేనెలూరు" అని ఎత్తుకుంటే అది ఉత్పలమాల నడక, భగణం (గురువు, రెండు లఘువులు), రగణం (గురువు, లఘువు, గురువు), ఆపై ఒక లఘువు. పోయిన ఉ వెనక్కి తెచ్చి "పలుకుల తేనెలూరు" అనండి, అదే పాదం చంపకమాల అయిపోతుంది! మొదటి గురువును రెండు లఘువులుగా విడగొట్టడం తప్ప ఈ రెండు వృత్తాలకూ తేడా లేదు మరి, 20 అక్షరాలు 21 అవుతాయి, యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన కుదరాల్సిన చోటు, పదో అక్షరం నుంచి పదకొండుకు జరుగుతుంది. ఇది మొదటిసారి వేళ్ళ మీద లెక్కపెట్టి చూసుకున్న రోజు నాకు ఎంత సంతోషం వేసిందో.

ఒక్క జాగ్రత్త, ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం హల్లు ఒకటే కావడం. పలుకుతో మొదలుపెడితే ప్రాసాక్షరం ల, పల్కుతో అయితే ల్క. నాలుగు పాదాలకూ ల్క దొరకాలి, కాబట్టి పద్యం ఎత్తుకోకముందే చిల్క, కుల్కు, మొల్క, అల్క లాంటివి పక్కన రాసిపెట్టుకోండి, లేకపోతే మూడో పాదంలో టెన్షన్ మొదలవుతుంది.

రాయడం అయ్యాక పద్యాన్ని ఇంకొకరి చేతికిచ్చి పైకి చదవమనండి, మీరేమీ చెప్పకండి. అచ్చు తీసేసిన చోట వాళ్ళు ఆగినా, ఆ అచ్చును తామే కలిపి చదివేసినా, దాన్ని తిరిగి పెట్టేసి ఆ పాదంలో వేరే మాట మార్చుకోండి.