కల్మెకాక్‌లో బిడ్డను చేర్పించాలంటే: దరఖాస్తు విధానం

1519లో స్పెయిన్ సేనలు రాకముందు, అజ్‌టెక్‌ల రాజధాని తెనోచ్‌తిత్లాన్‌లో (నేటి మెక్సికో నగరం) పసిబిడ్డ ఉన్న ఇంటికి ఈ వివరాలు. తర్వాతి రోజుల్లో స్పెయిన్ క్రైస్తవ సన్యాసులు అక్కడి పెద్దలను అడిగి రాసుకున్న క్రమమే ఇది. ఆనాటి తల్లిదండ్రులకు చెప్పినట్టే చెబుతున్నాను.

బడులు రెండు. తెల్పోచ్‌కల్లి పేటలోనే ఉంటుంది, అక్కడ యుద్ధవిద్య ముఖ్యం. కల్మెకాక్ గుడిని అంటిపెట్టుకున్న బడి, కెత్సల్‌కోఆత్ల్ అనే దేవుడికి చెందినది. పూజారులు, న్యాయాధికారులు, పాలకులు తయారయ్యేది ఇక్కడే. "లోపల మనవాడున్నాడు, ఓ సంచి కోకో గింజలు ఇవ్వండి" అని ఎవరైనా వస్తే నమ్మకండి. ఇక్కడ దరఖాస్తు కాగితం ఉండదు. బిడ్డ పేరున మీరు చేసే మొక్కే దరఖాస్తు.

అంతకన్నా ముందు జన్మదినం తేలాలి. చాలామంది తడబడేది ఇక్కడే. దినఫలం చెప్పే తోనల్‌పౌకి 260 రోజుల పంచాంగాన్ని పదమూడేసి రోజుల వరుసలుగా చూపే బొమ్మల పుస్తకం విప్పి, బిడ్డ నడిరేయికి ముందు పుట్టాడా, తర్వాత పుట్టాడా అని అడుగుతాడు. ముందైతే గడిచిన రోజు గుర్తు, తర్వాతైతే వచ్చే రోజు గుర్తు. సరిగ్గా నడిరేయైతే రెండు రోజుల ఫలమూ బిడ్డదే. కాన్పు హడావుడిలో ఇది ఎవరికీ గుర్తుండదు. గుళ్లో నడిరేయి శంఖం ఊదింది బిడ్డ ఏడవకముందా, ఏడ్చాకా? మంత్రసాని వెళ్లిపోకముందే అడిగి పెట్టుకోండి. తెలియకపోతే తెలియదనే చెప్పండి, మంచి రోజు కోసం అబద్ధం ఆడొద్దు.

చెడ్డ రోజని తేలినా గాభరా పడకండి. మామూలుగా నాలుగో రోజున మంత్రసాని బిడ్డకు స్నానం చేయించి పేరు పెడుతుంది. గుర్తు బాగాలేకపోతే ఆ స్నానాన్ని అదే పదమూడు రోజుల వరుసలో మంచి రోజుకు జరుపుతారు. ఆ రోజు చెప్పేది తోనల్‌పౌకి. ఆయనకు భోజనం పెట్టి, టర్కీ కోళ్లు, వస్త్రాలు ఇవ్వడం ఆనవాయితీ. పుట్టిన గుర్తునే మార్పిస్తానని మధ్యలో దూరేవాడికి ఒక్క గింజ కూడా ఇవ్వకండి. అది ఎవరి తరమూ కాదు.

మిగతాది సులువు. పూజారులను పిలిచి విందు పెట్టాలి, ఇంటి పెద్దలు మాట ఇవ్వాలి. తర్వాత కాగితాలు, ధూపం, గోచీలు, ఈకలు కానుకగా పట్టుకుని కల్మెకాక్‌కు వెళ్లాలి. అక్కడ బిడ్డ ఒంటికి మసి పూస్తారు, చెవి కోసి రక్తం దేవుడికి అర్పిస్తారు, మెడలో త్లకోపత్లి అనే చెక్క పూసల దండ వేస్తారు. చదువు కఠినమే: అర్ధరాత్రి చన్నీటి స్నానం, కట్టెలు మోయడం, కిత్తనార ముళ్లతో గుచ్చుకోవడం. ఇష్టపడే పంపండి. దొరల పిల్లలే ఎక్కువ చేరతారు, నిజమే. కానీ ఇక్కడి ప్రధాన పూజారి పదవికి వంశం చూడరు, నడవడిక చూస్తారు. పేదింటివాడైనా ఎంపికవుతాడు. ఆడపిల్ల పేరున కూడా మొక్కుకోవచ్చు.

బిడ్డ మరీ పసివాడైతే ఇంటికి తీసుకొచ్చేయండి, దండ మాత్రం అక్కడే వదలండి. వాడి ప్రాణం ఆ పూసలనే అంటిపెట్టుకుని ఉంటుందని నమ్మకం. అది గుళ్లో ఉందంటే మొక్కు నిలిచి ఉన్నట్టే. "ఆలస్యమైతే చోటు పోతుంది" అని బెదిరించేవాళ్లకు ఈ మాటే చెప్పండి.